కడలి అడుగున సాక్షి

శంషాబాదు విమానాశ్రయమున నేటి ఉష్ణోగ్రతను పరికరము చెప్పును. వేల యేండ్లనాటి సముద్రపు వేడిమిని చెప్పునదెవరు? ఆర్కియా అను సూక్ష్మజీవుల కొవ్వు చెప్పునని 2002లో డచ్చి శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. నీరు వెచ్చబడినకొలది ఆ కొవ్వు అణువులలో వలయములు హెచ్చును. జీవి చచ్చినను అణువు అడుగు మట్టిలో నిలుచును. ఆ వలయముల లెక్కయే ‘టెక్స్86’.

సాక్షి మంచిదే గాని, అడ్డుప్రశ్నలు వేయక నమ్మరాదు. ప్రయోగశాలలో వేడిమిని మార్చక ప్రాణవాయువును తగ్గించినను వలయములు పెరిగినవి. మన బంగాళాఖాతపు నడిలోతులలో ప్రాణవాయువు మిక్కిలి స్వల్పము! పైగా నేలలోని జీవుల కొవ్వును నదులు మోసికొనిపోవును. శంషాబాదు వాననీటిలో కొంత ఈసీ, మూసీ, కృష్ణల వెంట కడలికే గదా పోవలసినది. ఆ మట్టి కలిసినచో లెక్క తప్పవచ్చును.

2010 నాటి ప్రపంచవ్యాప్తపు సరిపోలికలోనే సుమారు 2.5 డిగ్రీల హెచ్చుతగ్గులున్నవి. నల్లబల్లపై ఉష్ణోగ్రత వ్రాయు ఉపాధ్యాయుడు దాని పక్కన ఈ అంకెనుగూడ వ్రాయవలెనని నా అభిప్రాయము.