మన ఇంటి సంగతులు: కరిగిన ఫ్యూజు

కారున్న ఇంటివారు ఈ నెల మా మాట కొంచెము ఓపికతో వినవలెను. ఇందులో మా తప్పు కూడ ఉన్నది.

పోయిన వేసవిలో మనుమడి పుట్టువెంట్రుకలకని బెంగుళూరు నుండి తిరుపతికి కారులో బయలుదేరినాము. వెనుక సీటులో మా అమ్మగారు, ఆమె ప్రక్కన పిల్లవాడు. కోలారు దాటువరకు ఏ ఇబ్బందియు లేదు. ముళబాగిలు దగ్గర లారీల వరుసలో బండి నిలిచిపోయినది. కొంతసేపటికి ఏసీ నుండి వేడిగాలి రాసాగినది. ఆ వెనుకనే ఇంజను వేడిని చూపు ముల్లు ఎర్రగీత వైపు ప్రాకినది.

బండి పరుగెత్తునంతసేపు ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును. నిలిచినప్పుడు ఆ పని ఫ్యానుది. అది తిరుగుట లేదు. ఇంజను ఆపి, బండిని చెట్టు నీడకు నెట్టించినాము. రేడియేటరు మూత తీయబోయిన మా అల్లుడిని వారించినాము. వేడిమీద మూత తీసినచో మరిగిన నీరు ముఖముమీదికి చిమ్మును.

ఇంజను బాగుగా చల్లారిన పిమ్మట, ఏసీ వేయక, మెల్లగా ఊరిలోని షెడ్డుకు చేరినాము. ఫ్యూజుల పెట్టె తెరచి చూడగా, 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు ఒక ప్రక్క కరిగి గూటికి అతుక్కొని ఉన్నది. వింత ఏమనగా, దాని లోపలి రేకు తెగలేదు! కాలు మాత్రము మాడి, కరెంటు అందకున్నది.

షెడ్డులోని కుర్రవాడు, "రాగి తీగ చుట్టేస్తాను సార్, ఐదు నిమిషాల పని" అన్నాడు. మరునాడే తెల్లవారుజామున మొక్కు. మేము సరేననబోయినాము. ఇంతలో షెడ్డు పెద్దాయన వచ్చి, "వద్దురా! బండిలో ముసలమ్మ, బిడ్డ ఉండారు. తీగ చుడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, బండి" అన్నాడు.

ఫ్యూజు తెగుట వేరు, కరుగుట వేరు. హద్దు మీరిన కరెంటు వచ్చినచో లోపలి రేకు తెగి, వైరును కాపాడును. గూటిలో పట్టు వదులైనచో అట్లు కాదు. 20 ఆంపియర్లు పారుచోట 0.02 ఓముల అడ్డు ఏర్పడిననూ, గోరంత స్థలములో 8 వాట్ల వేడి పుట్టును. కరెంటు హద్దులోనే ఉండుటచే రేకు తెగదు, ప్లాస్టిక్కు మెత్తబడును. వేడికి గూటి బిగువు ఇంకను సడలును, సడలిన కొలది వేడి హెచ్చును. కనుక అదే గూటిలో క్రొత్త ఫ్యూజు పెట్టిన అదియు కరుగును. 40 ఆంపియర్లది పెట్టినచో వైరుకు కాపలా తీసివేసినట్లే.

పెద్దాయన మొదట బ్యాటరీ నెగటివు తీగ ఊడదీసినాడు. మాడిన గూటిని వదలి, రాగి మెరయువరకు వైరును కత్తిరించి, అంతే లావు వైరు గల విడి ఫ్యూజు హోల్డరును బిగించి, 30 ఆంపియర్ల ఫ్యూజే పెట్టినాడు. ఫ్యాను రెక్కలను చేతితో త్రిప్పి, బిగుసుకొనలేదని చూచినాడు. బిగుసుకొన్న మోటారు ఎక్కువ కరెంటు లాగునట. తరువాత ఫ్యానును అరగంట నడిపించి, హోల్డరుమీద వేలు ఉంచి చూడుమన్నాడు. గోరువెచ్చగా ఉన్నది, అంతే.

ఇక మా తప్పు. రెండు నెలల క్రిందట ఇదే ఫ్యూజు మాడగా, వేరొక చోట క్రొత్తది పెట్టించి, చవుకలో తేలినదని సంతోషించినాము. గూడు చూడుమని అడుగలేదు. ఆపైన సిగ్నలు దగ్గర ఏసీ చల్లదనము తగ్గుచున్నను, ప్లాస్టిక్కు మాడు వాసన వచ్చుచున్నను పట్టించుకొనలేదు.

మీ బండిలో ఈ రెండు గుర్తులు కనిపించినచో ఆలస్యము చేయకుడు. ఫ్యూజు మార్చువానిని గూడు కూడ చూడుమనుడు. ఇంజను ఆపిన తరువాత కూడ కొన్ని బండ్లలో ఫ్యాను తానై తిరుగును. చేతులు, పైట చెంగులు దూరముగా ఉంచవలెను.

ఆ రాత్రి ప్రొద్దుపోయి తిరుపతి చేరినాము. పిల్లవాడు దారి పొడుగునా నిద్రపోయినాడు.