బేతాళుడి ప్రశ్న దగ్గర ఆగండి

వేసవి వస్తే అమెరికాలోని మన ఇళ్లకు అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. ఈసారి పచ్చళ్లు, పొడుల పక్కన నాలుగు పిల్లల పుస్తకాలకూ సూట్‌కేసులో చోటు చూడమనండి. విజిటర్ వీసాపై ఉండేది సాధారణంగా ఆరు నెలల లోపే. అందులో బడులు, ఆఫీసులు పోగా మనుమలకు, తాతయ్యకు మిగిలేది పడుకోబోయే ముందు అరగంట.

మన పిల్లలకు తెలుగు అర్థం కాదని కాదు. ‘తిను, త్వరగా రా, షూస్ వేసుకో’ వరకు బాగానే తెలుసు. వంటింట్లో, కారులో మనం వాడే తెలుగే అంత. అడవి, కోట, శపథం, మారువేషం లాంటి మాటలు పుస్తకంలోంచే రావాలి. అక్షరాలు నేర్చాక వాళ్లే చదువుకుంటారులే అని ఆగితే కథలు వినే వయసు కాస్తా దాటిపోతుంది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’లోని బేతాళ కథలు ఇందుకు బాగా పనికొస్తాయి. ప్రతి కథా ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది. అక్కడ పుస్తకం మూసి ‘నువ్వైతే ఏం చెబుతావురా?’ అని అడగాలి. జవాబు ఇంగ్లిష్‌లో వచ్చినా దిద్దవద్దు. విక్రమార్కుడి జవాబు రేపు రాత్రికి దాచినా నష్టం లేదు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ మరో రకం. కళ్లతో చదివితే కాస్త తికమకే, పైకి చదివితే పక్కింటి పిల్లాడు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పాత కథల్లో గయ్యాళి భార్యల మీద, కురూపుల మీద ఎగతాళి ఎదురైతే దాటేయనక్కర్లేదు. ‘మా రోజుల్లో ఇలా నవ్వేవాళ్లం, తప్పే’ అని తాతయ్య అంటే చాలు.

ఇబ్బందికరమైన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలుగు పేరా ఒకటి తడబడకుండా చదవడం కష్టం. అందుకే తాతయ్య చదువుతుంటే ల్యాప్‌టాప్‌తో పక్కగదిలోకి పోకండి. మంచం చివర కూర్చోండి. వారం పోయాక ఒక పేజీ మీరు చదవండి. ఒత్తులు తప్పితే నాన్నగారే సరిచేస్తారు, పిల్లలు పకపకా నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆయన తిరుగు టికెట్ తేదీ ఎలాగూ ఖాయమై ఉంటుంది. ఆ మర్నాటి రాత్రి బేతాళుణ్ని చెట్టు మీంచి దించాల్సింది మీరే.