అయిదు నిమిషాల యుద్ధం

మా పెద్దన్నయ్య ఇరవై ఎనిమిదేళ్ళు సైన్యంలో పనిచేసి, సుబేదారుగా పింఛను పుచ్చుకుని, చిక్కడపల్లిలో స్థిరపడ్డాడు. మంచుకొండల్లో కాపలా కాసేనాడు అంటుకున్న సిగరెట్టు మాత్రం పింఛను పుచ్చుకోలేదు!

అందులో వింత లేదు లెండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిలకు తిండి డబ్బాలతోపాటే సిగరెట్లూ పంచారు. 1975లో గాని ఆ ఆచారం పోలేదు. ఇప్పుడు ఆ సైన్యమే పొగ మానదలచిన వాళ్ళకు సాయం చేస్తోంది.

మొన్న వేసవిలో కూతుర్ని రైలెక్కించడానికి వెళ్ళి, కాచిగూడ స్టేషను మెట్లమీద సగంలోనే అన్నయ్య చతికిలబడ్డాడు. ఊపిరి అందలేదు. ఆ రాత్రి వదిన ఏడవలేదు, సాధించలేదు. సిగరెట్టు పెట్టె తీసుకొచ్చి దానిమీది అంకెలు నాకు చూపించింది: 1800-11-2356.

ఈ ఫోను సాయం 2016లో ఢిల్లీలోని వల్లభభాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలయింది. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరును పెట్టెల మీదే అచ్చువేస్తున్నారు. పైసా ఖర్చు లేదు. బెంగుళూరు నిమ్హాన్స్ కేంద్రం నుంచి తెలుగులోనూ మాట్లాడతారు.

"శత్రువుకు వెన్ను చూపనివాణ్ణి, ఎవరో పిల్లతో ఫోనులో మొర పెట్టుకోనా?" అన్నాడు అన్నయ్య. సరే, వదినే ఫోను చేసింది. ఆ అమ్మాయి ఉపన్యాసం ఇవ్వలేదు. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, రోజుకెన్ని, ఎవరితో కలిసి, అని అడిగింది. పక్కనే చెవి వొగ్గి వింటున్న అన్నయ్య ఉండబట్టలేక ఫోను లాక్కున్నాడు.

"ఏ రోజు మానతారో మీరే తేదీ చెప్పండి" అన్నదట. తేదీ అనేసరికి మావాడిలో సుబేదారు లేచి నిలబడ్డాడు!

పొగమీద మనసు లాగినప్పుడు ఆ లాగుడు కొద్ది నిమిషాలే ఉంటుందట. అంతసేపూ మంచినీళ్ళు గుక్కగుక్కగా తాగాలి, గట్టిగా ఊపిరి పీల్చాలి, ఓ యాలక్కాయ నమలాలి, నాలుగడుగులు నడవాలి. మొదటి మూడు రోజులూ మరీ కష్టం. ఆ మూడు రోజులూ వాళ్ళింట్లో కర్ఫ్యూ అనుకోండి!

పదోనాడు నారాయణగూడలో పాత మిత్రులతో టీ తాగుతూ ఒకటి వెలిగించేశాడు. వదినతో చెప్పలేదు. మర్నాడు ఆ అమ్మాయే మళ్ళీ ఫోను చేస్తే ఆవిడతో చెప్పాడు. "ఒకటి కాల్చినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదండీ. ఈసారి ఆ మిత్రుల్ని మీ ఇంటికే టీకి పిలవండి" అన్నదట.

ఇది తెలిసి వదిన చిన్నబుచ్చుకుంది. "నాతో ఎందుకు చెప్పలేదూ?"

"నువ్వు బాధపడతావని."

ఆ మాట విన్నాక వదిన రోజూ జేబులు వెతకడం మానేసింది. అన్నయ్య దాచడం మానేశాడు. నాలుగు నెలలయింది, మళ్ళీ ముట్టుకోలేదు.

మీ ఇంట్లోనూ ఆ పెట్టె ఉంటే, విసిరి పారేసేముందు ఒక్కసారి దానిమీది నంబరు చూసుకోండి, సుమా!