ఆలస్యానికి బాధ్యత ఎవరిది?

వేములవాడ, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల ప్రార్థన కూటాల్లో ‘రాకడకు సిద్ధపాటు’ మీద బోధ జరిగినప్పుడు ఒక పెళ్లి కథ తరచూ వస్తుంది. పూర్వం యూదుల్లో ప్రధానం (నిశ్చితార్థం) అయ్యాక పెళ్లికొడుకు తండ్రి ఇంటికి తిరిగిపోయి అక్కడ కొత్త గది కట్టేవాడట. గది సరిగ్గా ఉందని తండ్రి ఒప్పుకున్నాకే పెళ్లికూతురి కోసం బయల్దేరాలట. ఆ రోజు ఏదో కొడుక్కి కూడా తెలియదట. అర్ధరాత్రి బూర ఊదుకుంటూ వస్తాడు కాబట్టి, పిల్ల రోజూ దీపంలో నూనె చూసుకుని కాచుకుని ఉండాలట. ఈ కథలో పెళ్లికొడుకు క్రీస్తు, పెళ్లికూతురు సంఘం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానం ఈ ఆచారం తెలిస్తేనే అర్థమవుతుందని, నూనె అయిపోయినవాళ్లకు తలుపు మూసేస్తారని చెప్పి బోధకుడు ముగిస్తాడు.

ఆ చాపల మీద కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, వెయ్యి బీడీల లెక్క పూర్తిచేయడానికి తంటాలు పడినవాళ్లు. చాలామంది భర్తలు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ‘నువ్వింకా సిద్ధంగా లేవు’ అన్న భయాన్ని వాళ్ల నెత్తిన పెట్టేముందు, ఆ పెళ్లి నిజంగా అలాగే జరిగేదా అని అడగడం న్యాయం.

యూదుల న్యాయ సంప్రదాయాలను కూర్చిన మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అందులో పెళ్లి ఒప్పందాల గురించిన భాగం పేరు కెతుబోత్. ఆ భాగం మొదలయ్యేదే వారం చెప్పడంతో. కన్యకు బుధవారం పెళ్లి చేయాలి, వితంతువుకు గురువారం. కారణం కూడా అక్కడే ఉంది. పట్టణాల్లో న్యాయస్థానాలు సోమ, గురువారాల్లో కూర్చునేవి. పెళ్లికూతురి కన్యాత్వం మీద భర్తకు అనుమానం ఉంటే మర్నాడు పొద్దున్నే వెళ్లి ఫిర్యాదు చేసుకోవచ్చని బుధవారం పెట్టారు. కారణం అసహ్యమైనదే, దాన్ని నేను సమర్థించను. కానీ ఏ వారం పెళ్లో ముందే నిర్ణయమయ్యే చోట, తండ్రికి తప్ప ఎవరికీ తెలియని ముహూర్తానికి చోటెక్కడ? మిష్నా యేసు కాలం తర్వాత కూర్చింది కదా అంటారా, నిజమే. అయితే అంతకన్నా పాత ఆధారం ఏదో బోధకుడు చూపాలి. ఏ రోజో, ఏ గడియో తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్న మాట సువార్తలో ఉన్నది లోకాంతం గురించి. దాన్ని తెచ్చి పెళ్లిలో పెట్టి, ఆ పెళ్లినే మళ్లీ లోకాంతానికి రుజువుగా చూపిస్తున్నారు.

బోధకులు పరలోకానికి గుర్తుగా చూపే గది సంగతి పూర్తిగా కల్పన కాదు. కొడుకు పెళ్లికి కట్టే ఇంటి కొలతల మీద మిష్నాలోనే ఒక చర్చ ఉంది. నాలుగు మూరలకు ఆరు మూరలు చాలంటాడు రబ్బీ అకీబా. అది పశువుల కొట్టం కొలత అంటాడు రబ్బీ ఇష్మాయేల్. అంటే మన లెక్కలో ఆరడుగులకు తొమ్మిదడుగులు. స్థలం అమ్మినప్పుడు, మేస్త్రీతో మాట్లాడుకున్నప్పుడు తగువు రాకుండా పెట్టుకున్న కొలత అది. కొత్త జంటకు ఎంత చోటు కావాలని ఇద్దరు పండితులు వాదించుకున్న ఆ పేజీలో పరలోకం లేదు.

అసలు విషయం గడువులో ఉంది. ప్రధానం అయ్యాక పెళ్లికి రమ్మని వరుడు అడిగిన రోజు నుంచి కన్యకు పన్నెండు నెలలు ఇవ్వాలి, చీరలూ సామానూ సమకూర్చుకోవడానికి. వరుడికీ అంతే గడువు. సిద్ధపాటు ఇద్దరిదీ. గడువు దాటినా అతను పెళ్లి చేసుకోకపోతే ఆ రోజు నుంచి ఆమె తిండి ఖర్చు అతనిదే. ఈ ఒక్క నియమం చాలు, ప్రసంగంలోని పెళ్లి తలకిందులైందని తెలుసుకోవడానికి. ఉపమానంలో ఆలస్యం చేసింది పెళ్లికొడుకు. ఆ మాట సువార్తలోనే ఉంది. శిక్ష పడింది మాత్రం నూనె అయిపోయిన అమ్మాయిలకు. యూదు చట్టం ఆలస్యానికి ఆలస్యం చేసినవాడినే బాధ్యుణ్ణి చేసింది. బోధకుడు ఆ చట్టం పేరు వాడుకుని దాని న్యాయాన్ని వదిలేశాడు.

ఆ సమాజం ఆడవాళ్లకు స్వర్గమని చెప్పడం లేదు. భర్త విడాకుల పత్రం ఇవ్వక ఏళ్ల తరబడి బంధంలో చిక్కుకుపోయే యూదు స్త్రీల బాధ ఇవాళ్టికీ తీరలేదు. కానీ కెతుబా అనే పెళ్లి పత్రం ఆమె చేతిలో ఆయుధం. భర్త చనిపోయినా వదిలేసినా ఆమెకు ఎంత రావాలో అందులో రాసి ఉంటుంది, కన్యకైతే రెండు వందల జూజులు (వెండి నాణేలు), వితంతువుకైతే వంద.

1961లో మృత సముద్రం పక్కన నహల్ హెవెర్ గుహలో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ బృందానికి ఒక తోలు సంచి దొరికింది. అందులో బబాతా అనే స్త్రీ దాచుకున్న ముప్పై అయిదు పత్రాలున్నాయి, వాటిలో ఆమె కెతుబా ఒకటి. రెండో భర్త యూదా చనిపోయాక, తనకు రావలసిన దాని కింద అతని ఖర్జూర తోటలను ఆమె పట్టుకుంది. క్రీ.శ. 130లో ఆ పంట అమ్మింది. అతని కుటుంబంతో వ్యాజ్యాలాడింది. రోమన్లతో యుద్ధం వచ్చి గుహలోకి పారిపోయినప్పుడు కూడా ఆ సంచిని వదల్లేదు. కెతుబా పత్రాన్ని ప్రసంగంలో ‘క్రొత్త నిబంధనకు గుర్తు’ అని ఒక్క మాటతో దాటేస్తే బబాతా మాయమైపోతుంది.

గుర్తులను నమ్మి తేదీలు కట్టినవాళ్ల గతి చరిత్రలో ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు ఈ పదిమంది కన్యకల కథనే పట్టుకుని, అర్ధరాత్రి కేక అన్న పేరుతో పత్రిక కూడా నడిపారు. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. 1988లో ఎడ్గర్ విసెనంట్ ఎనభై ఎనిమిది కారణాలు చూపి, యూదుల కొత్త సంవత్సరానికి బూర ఊదే పండుగ రోజుల్లో సంఘం పరలోకానికి ఎత్తబడుతుందన్నాడు. జరగలేదు. మరుసటి ఏడాదికి మార్చాడు. అప్పుడూ జరగలేదు.

దేవుణ్ణి పెళ్లికొడుకుగా చూడటం క్రైస్తవులకే పరిమితం కాదు. శ్రీరామనవమి రోజు వేములవాడ రాజన్న గుడికి వచ్చినవాళ్లెవరికైనా ఇది తెలుసు. లోపల సీతారాముల కల్యాణం జరుగుతుంటే బయట శివపార్వతులని పిలిచే భక్తులు, జోగినులు, హిజ్రాలు త్రిశూలాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకుంటారు. ఆ రోజు వాళ్లు శివుణ్ణి పెళ్లాడినట్టు. ఊళ్లో వాళ్లను మనుషులుగా చూడనివాళ్లు ఆ ఒక్క పూట చేతులెత్తి మొక్కుతారు. ఆ గౌరవం కోసం వచ్చేవాళ్లను నేను తప్పుపట్టలేను. కానీ మర్నాడు వాళ్ల ఇంటి కిరాయి ఎవరు కడతారు? జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీసుకుపోతారు? ఈ పెళ్లికొడుకు మీద భరణం కేసు వేయడానికి కోర్టు లేదు. దళిత ఆడపిల్లలను పోచమ్మకో ఎల్లమ్మకో ఇచ్చి జోగినులను చేసినప్పుడు, దేవుడి పేరు చెప్పి వాళ్లను వాడుకున్నది ఊరి పెద్దలే. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు కూడా దక్కలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ ఆచారాన్ని నిషేధించాల్సి వచ్చింది. పక్కనున్న నిజామాబాద్ జిల్లాలో కవి జాషువా కూతురు హేమలతా లవణం జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె వాళ్లకు చూపింది మనుషులతో పెళ్లిళ్లు, ఇళ్లు, బతుకుదెరువు.

ప్రార్థన కూటంలో కూర్చున్న స్త్రీకి జోగినికి జరిగినంత అన్యాయం జరుగుతోందని అనడం లేదు. కానీ రెండు చోట్లా పెళ్లికొడుకుకు బాధ్యత లేదు, గడువు లేదు, సంతకం లేదు. బాధ్యతంతా ఎదురుచూసే మనిషిది. పదేళ్ల పిల్ల కూడా రాత్రి ఉలిక్కిపడి లేచి, అమ్మ పక్కన కనబడకపోతే ‘ఎత్తబడిందేమో, నేను మిగిలిపోయానేమో’ అని ఏడిస్తే, ఆ భయాన్ని భక్తి అని పిలవకూడదు.

గల్ఫ్‌కు పోయిన భర్త నెలల తరబడి డబ్బు పంపక, ఫోనూ ఎత్తకపోతే, జగిత్యాలలోనో సిరిసిల్లలోనో ఆ ఇల్లాలు సోమవారం ప్రజావాణికి వెళ్తుంది. పాస్‌పోర్టు జిరాక్సు, పెళ్లి ఫోటో, రేషన్ కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కలెక్టరాఫీసు వరుసలో నిలబడుతుంది. బబాతా చేసిన పనే చేస్తోంది ఆమె. కూటంలో ఆమెకు ఆ కథ చెప్పండి. పన్నెండు నెలల గడువు గురించి చెప్పండి, ఆ తర్వాత తిండి ఖర్చు ఎవరిదో కూడా చెప్పండి.