అంతరాత్మ ప్రబోధము – పార్టీ విధేయత

"అంతరాత్మ ప్రబోధం" అనే పదబంధం 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికతో మన రాజకీయ భాషలో స్థిరపడిపోయినది. అంతకు ముందు అది వేదాంతులకు, కవులకు చెందిన మాట. ప్రాచీనుల వాడుకలో అంతరాత్మ అనగా జీవుని లోపల వెలిగే ఆత్మయే గాని, బాలెట్ పత్రం చేతబట్టుకొని తటపటాయించే శాసనసభ్యుని మనస్సు కాదు. శాకుంతలంలో దుష్యంతుడు కణ్వాశ్రమంలో తన అంతఃకరణాన్నే ప్రమాణంగా గైకొన్నాడు. రాజధాని చేరిన తరువాత ఆ ప్రమాణం శకుంతలకు ఎంతవరకు అక్కరకు వచ్చినదో మన విద్యార్థులెరుగుదురు. శాపం సంగతి వేరు.

ఏండ్ల తరబడి ఒక పార్టీనే నమ్ముకొన్న ఓటరు ఒకనాడు ఆగి, "ఈసారి నేను ఎవరికి ఓటు వేయవలె?" అని తన్ను తాను ప్రశ్నించుకొనుట ద్రోహమా, ధర్మమా? ఈ ప్రశ్న పరిశీలించుటకు 1969 నాటి ఎన్నికకు మించిన ఉదాహరణ మన దేశ చరిత్రలో లేదని నా అభిప్రాయం. మన రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటుకు, రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికైన సభ్యులే ఓటర్లు. వారిలో దాదాపు ప్రతివారూ ఏదో ఒక పార్టీ గుర్తుపై గెలిచి వచ్చినవారే. కనుక విధేయతకు, వివేకానికి ఘర్షణ ఏర్పడితే అది ఇక్కడ కనబడినంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. పైగా ఆ ఎన్నికలో తలపడిన ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారు.

కథ అందరూ విన్నదే అయినను క్లుప్తంగా చెప్పక తప్పదు. ఆ సంవత్సరం మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూసినారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతి అయినారు. జులైలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, ప్రధాని ఇందిరాగాంధీ సూచించిన జగజ్జీవన్ రామ్‌ను కాదని, లోకసభ స్పీకరు నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించినది. కొద్ది రోజులలోనే ఇందిరాగాంధీ మొరార్జీ దేశాయి నుండి ఆర్థికశాఖను తీసివేసినారు. జులై 19న 14 బాంకులు ఆర్డినెన్సుతో జాతీయం చేయబడినవి. మరునాడు గిరిగారు పదవికి రాజీనామా యిచ్చి స్వతంత్ర అభ్యర్థిగా రంగంలోకి దిగినారు. స్వతంత్ర, జనసంఘ పక్షాల అభ్యర్థి చింతామణి దేశముఖ్.

ఇక్కడ గమనింపదగినది ఒకటున్నది. సంజీవరెడ్డిగారి నామినేషను పత్రంపై ప్రతిపాదకురాలిగా సంతకం చేసినవారు సాక్షాత్తు ఇందిరాగాంధీయే. ఆ సంతకం తడి ఆరకముందే ఆమె మనస్సు మారినది. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప, తమ అభ్యర్థికి రెండవ ప్రాధాన్యపు ఓట్లు వేయుడని స్వతంత్ర, జనసంఘ నాయకులను కోరుటకు వెళ్ళినారు. అది ఆమెకు ఆయుధమైనది. మనము ఏ పక్షాలకు విరోధులమని ప్రజలకు చెప్పి గెలిచినామో ఆ పక్షాల కూడికతో మన అభ్యర్థిని గెలిపించవలెనా అనే ప్రశ్న కాంగ్రెసు సభ్యులలో పుట్టినది. విప్పు జారీ చేయుడని అధ్యక్షుడు అడిగితే ప్రధాని నిరాకరించినారు. ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వారు ఓటు వేయవచ్చునన్నారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు జరిగినవి. మొత్తం చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపుకు కావలసినది 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. ఎవరికీ కోటా అందలేదు. రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కింపవలసి వచ్చినది ఆ ఒక్కసారే. లెక్క పూర్తియైన తరువాత గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. ఉపాధ్యాయ మిత్రులు దీనిని తరగతిలో గణితపాఠంగా కూడ చెప్పవచ్చును. రెండవ లెక్కలో సంజీవరెడ్డిగారికి కలిసివచ్చినవి 91,879 కాగా, గిరిగారికి వచ్చినవి 18,562 మాత్రమే. అనగా నిజలింగప్పగారి యత్నం ఫలించకపోలేదు. ప్రతిపక్షాల రెండవ ఓట్లు ఎక్కువగా ఆయన అభ్యర్థికే పడినవి. కొరవడినది సొంత యింటి ఓట్లు. నాడు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. గిరిగారికి వేసినవారిలో 13 మంది పార్లమెంటు సభ్యులు అటునుండి ఇటు జరిగియుంటే ఫలితం తారుమారయ్యేది.

ఈ ఓటర్లు ఎవరు? వారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు, ఉండుటకు వీలులేదు. రాజ్యాంగం 55వ అధికరణం ఈ ఎన్నికను రహస్య ఓటుగా విధించినది. కనుక వారిలో బాంకుల జాతీయీకరణను మనసారా మెచ్చి ఓటు వేసినవారెందరో, అధికారం ఎటు మొగ్గుచున్నదో చూచి మొగ్గినవారెందరో తేల్చుట అసాధ్యం. ఆ ఓటును ఆకాశానికెత్తేవారు మొదటి వారినే చూస్తారు, ఎగతాళి చేసేవారు రెండవ వారినే చూస్తారు. పేటికలో పడిన కాగితాలు మాత్రం అన్నీ ఒక్క తీరుగానే ఉండినవి.

మరొక మాట. సంజీవరెడ్డిగారికే ఓటు వేసిన కాంగ్రెసువారికి అంతరాత్మ లేదా? బోర్డు నిర్ణయించినది, ప్రధాని సంతకం పెట్టినారు, ఆ మాట నిలుపుకొనవలెనని భావించినవాడు అంతరాత్మను చంపుకొన్నవాడెట్లు అవుతాడు? ఆడిన మాట తప్పరాదనుట కూడ లోపలి నుండి వచ్చే ప్రబోధమే. 1969 గురించి వ్రాసినవారు పలువురు ఈ రెండవ తెగవారికి అన్యాయం చేసినారు. ఎదిరించినవాడిలోనే మనస్సాక్షి ఉన్నట్లు, నిలిచినవాడు గొర్రె అయినట్లు చిత్రించినారు.

మన భారతం ఈ విషయంలో ఎంత సూక్ష్మంగా ఆలోచించినదో చూడుడు. ద్యూతసభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన కౌరవుడు వికర్ణుడు. కర్ణుడు మందలించినాడు, సభ మిన్నకున్నది. అంతటి న్యాయం పలికిన వికర్ణుడు యుద్ధం వచ్చేసరికి అన్న పక్షాననే నిలిచి భీముని చేత హతుడైనాడు. అతనిని చంపి భీముడంతటివాడు వగచినాడు. యుయుత్సుడు వేరొక రకం. ఇరుసేనలు మోహరించి ఉండగా ధర్మరాజు, మా పక్షానికి వచ్చేవారెవరైనా ఉంటే రావచ్చునని ఎలుగెత్తి పిలిచినాడు. ధృతరాష్ట్రుని కొడుకైన యుయుత్సుడు అందరూ చూచుచుండగా రథం మరలించి ఇటు వచ్చినాడు. భీష్మపర్వం చెప్పునప్పుడు యుయుత్సుడు ద్రోహి కాదా అని అడిగే విద్యార్థి ప్రతి యేడు ఒకరైనా ఉంటారు. కవి అతనిని ద్రోహి అనలేదు, వికర్ణుని పిరికివాడనలేదు. ఒకడు పలికి నిలిచినాడు, ఒకడు వెళ్ళినాడు. ఇద్దరూ చేసినది నలుగురి ఎదుట చేసినారు.

1969లో పిలుపునిచ్చినది ఎదుటి పక్షపు ధర్మరాజు కాదు. సొంత పక్షపు అధినేత్రి, తాను ప్రతిపాదించిన అభ్యర్థికే ప్రతికూలంగా, స్వేచ్ఛగా ఓటు వేయుడన్న పిలుపు అది. నాకు అభ్యంతరం ఇక్కడనే. సామాన్య సభ్యునికి రహస్య ఓటు కవచం. అతనికి టిక్కెట్టు ఇచ్చేవారు, పదవి తీసివేయగలవారు పైన ఉన్నారు. వారి చూపు పడనిచోట అతడు తన మనస్సుతో మాట్లాడుకొనవలెననే రాజ్యాంగకర్తలు తెర కట్టినారు. కాని ఆ తెర నాయకునికి కాదు. పత్రంపై సంతకం చేసినవారు మనస్సు మార్చుకొంటే, సంతకం నేను ఉపసంహరించుకొనుచున్నాను, కారణమిది, అని బాహాటంగా చెప్పవలె. అధినాయకత్వం తన అసమ్మతిని అనుచరుల అంతరాత్మల వెనుక దాచరాదు. అట్లని విప్పు కావాలన్న నిజలింగప్పగారిని సమర్థింపలేను. రాజ్యాంగం రహస్యమన్న ఓటును పార్టీ ఆజ్ఞతో శాసింపజూచుట అంతకంటె పెద్ద పొరపాటు. ఆ రోజులలో సంజీవరెడ్డిగారిని నిందించుచు ఒక అనామక కరపత్రం సభ్యులకు పంచబడినది. అంతరాత్మను మేల్కొలుపుటకు పేరులేని కరపత్రం దేనికో నాకు తెలియదు. ఈ ఎన్నికపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పినారు. ఎన్నిక చెల్లునని 1970లో తీర్పు వచ్చినది.

నాయకుడు మనస్సు మార్చుకొనుట ఎట్లుండవలెనో తెలిసికొనుటకు దూరం పోనక్కరలేదు. గిరిగారి పూర్వచరిత్రయే చాలును. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, కార్మికోద్యమంలో పండి, 1937లో బొబ్బిలి రాజావారిని ఓడించినవారాయన. 1954లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ నిర్వహించుచుండగా, బాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినది. అది తనకు సమ్మతం కాదని ఆయన రాజీనామా చేసినారు. తెరచాటు లేదు, పదవి పోయినది. పదునైదు సంవత్సరాల తరువాత రాష్ట్రపతి పదవికి నిలిచినప్పుడు కూడ చేతిలో ఉన్నదానిని ముందు వదలుకొన్నారు.

సంజీవరెడ్డిగారి సంగతి మరింత విచిత్రం. ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయినవారు, సొంత పార్టీ ఓటర్ల పునరాలోచనకు బలియైనారు. స్పీకరు పదవి అప్పటికే వదలుకొన్నారు. 1971 లోకసభ ఎన్నికలోనూ ఓడి వ్యవసాయానికి మరలినారు. 1977లో జనతా అభ్యర్థిగా నంద్యాల నుండి నిలిచి గెలిచినారు. మన రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసువే, నంద్యాల ఒక్కటే మినహాయింపు. ఆ సంవత్సరమే ఆయన రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికైనారు. ఎనిమిదేండ్ల క్రితం ఆయనకు వ్యతిరేకంగా ప్రబోధించిన అంతరాత్మలు ఈసారి పోటీ అభ్యర్థిని నిలుపలేదు. 1969లో ఓటర్లు పునరాలోచించినది ఆయన యోగ్యతను కాదు, పార్టీ ఎవరి చేతిలో ఉండవలెననే విషయాన్ని అని దీనివలన తెలియుచున్నది. ఎన్నిక ముగిసిన మూడు నెలలలోగానే, నవంబరులో, కాంగ్రెసు రెండుగా చీలినది.

అటు పిమ్మట ఈ దేశంలో పార్టీ విధేయతను చట్టమే బిగించినది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం సభలో పార్టీ ఆజ్ఞకు విరుద్ధంగా ఓటు వేసినవాడు సభ్యత్వం కోల్పోవును. ఉదయం ఒక పార్టీ, సాయంకాలం మరొక పార్టీగా తిరిగిన వారిని చూచి విసిగిన దేశానికి అట్టి చట్టం అవసరమయ్యే ఉండును. 2003 నుండి రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యుడు తాను వేసిన ఓటును తన పార్టీ ప్రతినిధికి చూపించి మరీ పెట్టెలో వేయవలె. రాష్ట్రపతి ఎన్నిక ఒక్కటి ఈ రెండింటికీ వెలుపల నిలిచియున్నది. అది సభలో జరిగే ఓటింగు కాదు కనుక విప్పు వర్తించదు, రహస్యం రాజ్యాంగంలోనే ఉన్నది కనుక చూపించుమనుటకు వీలులేదు. 2007లో శివసేన తన కూటమిని కాదని మహారాష్ట్ర వనిత ప్రతిభా పాటిల్‌ను, 2012లో ప్రణబ్ ముఖర్జీని బలపరచినది. కాని అవి పార్టీలు పార్టీలుగా చేసిన నిర్ణయాలు. ఒంటరి సభ్యుడు ఒంటరిగా చేసే నిర్ణయం వేరు. దానికి మిగిలిన చోటు ఆ చిన్న తెర వెనుకనే. రాజ్యసభ ఎన్నిక వలెనే దీనిని కూడ బహిరంగం చేస్తే అమ్మకాలు ఆగునని ఎవరైనా వాదిస్తే, అమ్ముడుపోయినవానిని పట్టుకొనుటకు అమ్ముడుపోనివాని తెర కూడ తీసివేయుట న్యాయమా అని నేనడుగుదును.

2017 రాష్ట్రపతి ఎన్నిక నుండి ఓటర్లు తమ సొంత కలముతో ఓటు గుర్తించరాదు. ఎన్నికల సంఘమిచ్చిన కలముతోనే, ఊదారంగు సిరాతో, అందరూ ఒక్క తీరుగా అంకెలు వేయవలె.