బడి గంట కొట్టాక బాల్యానికి దిక్కెవరు?

* కిట్లు వస్తున్నాయి.. నేర్పేవారు రావడం లేదు
* పోటీల వేళకే గుర్తుకొస్తున్న మైదానాలు
* అనంతపురం, కల్లెడ అనుభవాలే పాఠం

ఈపూరు: సాయంత్రం బడి వదిలిన తర్వాత పేదింటి పిల్లలు ఎక్కడ ఉంటున్నారు? ఏం చేస్తున్నారు? పల్నాడు పల్లెల్లో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. మిర్చి కోతలకు, పత్తి తీతలకు వెళ్లిన తల్లిదండ్రులు ఆటోల్లో ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఈలోగా ఆడపిల్లలు తమ్ముళ్లు, చెల్లెళ్లను ఎత్తుకుని ఇంటిపనిలో పడతారు. మగపిల్లలు చెరువుగట్టుకో, సెల్‌ఫోన్‌ ఉన్న మిత్రుని అరుగు మీదికో చేరతారు. పనుల కోసం వినుకొండ, నరసరావుపేటలకు తరలివెళ్లి శివారు కాలనీల్లో కాపురముంటున్న కుటుంబాల పరిస్థితి మరింత ఇరుకు. పల్లెలో కనీసం బీడు భూమి ఉంటుంది. అక్కడ వీధే మైదానం.

రోజుకు రెండు మూడు గంటల ఈ ఖాళీని ఆటతో, చదువుతో నింపాలన్న ఆలోచన కొత్తది కాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాలూ వచ్చాయి. అయితే అవి నిలబడలేదు. ఎందుకన్నదే అసలు విషయం.

పేర్లు మారాయి.. తీరు మారలేదు

గ్రామీణ క్రీడల కోసం కేంద్రం 2008-09లో ‘పైకా’ పథకాన్ని ప్రారంభించింది. పంచాయతీకి మైదానం, సామగ్రి నిమిత్తం లక్ష రూపాయల మూలధన గ్రాంటు కేటాయించింది. ఆటలు ఆడించేందుకు ‘క్రీడాశ్రీ’ పేరిట ఒక కార్యకర్తను నియమించాలని నిర్దేశించింది. ఆలోచన మంచిదే. కానీ ఆ కార్యకర్తకు దక్కింది నామమాత్రపు గౌరవ వేతనం. అంత తక్కువ సొమ్ముతో నెలంతా మైదానంలో నిలబడమంటే ఎవరు నిలబడతారు? 2014లో ఆ పథకం రాజీవ్‌ గాంధీ ఖేల్‌ అభియాన్‌గా మారింది. అనంతరం ఖేలో ఇండియాలో విలీనమైంది.

రాష్ట్రంలో 2023 డిసెంబరు 26న గుంటూరు సమీపంలోని నల్లపాడులో ‘ఆడుదాం ఆంధ్రా’ ప్రారంభమైంది. క్రికెట్‌, కబడ్డీ, వాలీబాల్‌, ఖోఖో, బ్యాడ్మింటన్‌లో సచివాలయ స్థాయి నుంచి పోటీలు జరిపారు. ఊరూరికీ కిట్లు చేరాయి. 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో తుది పోటీలతో ముగిసింది. ఆ నిధుల వినియోగంపై తర్వాతి ప్రభుత్వం విజిలెన్స్‌ విచారణ జరిపించింది. ఆ వివాదం అటుంచితే రెండు అంశాలు గమనించాలి. 15 ఏళ్లు నిండినవారికే అందులో ప్రవేశం. అంటే ఆటకు అలవాటు పడాల్సిన ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చోటే లేదు. రెండోది, అది ఏడు వారాల సంబరం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బడి నడవాల్సింది 220 రోజులు.

వేసవి శిబిరాలదీ ఇదే తంతు. మేలో నేర్పిన ఆట జూన్‌లో బడి తెరిచేనాటికి ఆగిపోతుంది. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు వస్తున్నాయంటే ముందురోజు జట్టును ఎంపిక చేసి పంపే బడులకు కొదవ లేదు. ఇక్కడ లోపించింది సామగ్రి కాదు, రోజూ వచ్చే మనిషి.

గెలిచినచోట ఏం జరిగింది?

వరంగల్‌ ప్రాంతంలోని కల్లెడ మనవంటి ఊరే. అక్కడి ఆర్డీఎఫ్‌ పాఠశాలలో విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్‌ ఒలింపిక్స్‌లో భారత జట్టు తరఫున బరిలో దిగింది. అదే ఊరికి చెందిన జీవాంజి దీప్తిని మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. తర్వాత శిక్షకుడు నాగపురి రమేశ్‌ ఆమెను చేరదీశారు. హైదరాబాద్‌ పంపేందుకు తల్లిదండ్రుల వద్ద బస్సు చార్జీలకూ డబ్బు లేని స్థితి. ఆ అమ్మాయే 2024 పారిస్‌ పారాలింపిక్స్‌ 400 మీటర్ల టీ20 పరుగులో కాంస్యం గెలిచింది. అంతకుముందు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట వ్యాయామశాలలో నీలంశెట్టి అప్పన్న తీర్చిదిద్దిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఈ కథలన్నింటిలో స్టేడియం కంటే ముందు ఒక గురువు కనిపిస్తాడు.

పతకాల మాట పక్కనపెడితే, బడి తర్వాతి సమయానికి పక్కా నమూనా అనంతపురంలో ఉంది. గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్డీటీ) క్రీడా గ్రామంలో స్పెయిన్‌ టెన్నిస్‌ దిగ్గజం రాఫెల్‌ నాదల్‌ ఫౌండేషన్‌ 2010 అక్టోబరులో ఒక శిక్షణ కేంద్రాన్ని తెరిచింది. పేద పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిషు, కంప్యూటర్‌ నేర్పడం, పోషకాహారం అందించడం దాని పద్ధతి. అందరూ నాదల్‌ కావాలని కాదు, ఎవరూ బడి మానకూడదని. అయితే దాతృత్వంపైనే ఆధారపడలేం. 2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు అనంతపురం ప్రజలు వీధుల్లోకి రావాల్సి వచ్చింది. పల్నాడుకు అటువంటి సంస్థ వస్తుందని ఎదురుచూడటం కంటే ఉన్న వనరులను కూర్చుకోవడం మేలు.

చేతిలో ఉన్నదే చాలు

2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించిన క్రీడా విధానంలో ఒలింపిక్‌ స్వర్ణానికి రూ.7 కోట్ల నజరానా ప్రకటించారు. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. స్వాగతించాల్సిందే. కానీ ఇవి గెలిచాక దక్కేవి. గెలవడానికి ముందు రోజూ సాయంత్రం కావలసిన ఖర్చు అందులో వందో వంతు కూడా కాదు. శనివారాన్ని ‘నో బ్యాగ్‌ డే’గా చేయాలన్న 2025 నాటి నిర్ణయమూ మంచిదే. మిగిలిన ఐదు సాయంత్రాల మాటేమిటి?

వంద మంది దాటిన ప్రాథమికోన్నత తరగతులకు వ్యాయామ, కళా బోధకులను పార్ట్‌టైమ్‌ పద్ధతిలో నియమించాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. బీపీఈడీ చదివి ఖాళీగా ఉన్న యువకులు, ఒకప్పుడు జిల్లా జట్లకు ఆడినవారు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. నిలకడైన వేతనం ఇస్తే వారే శిక్షకులు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మన ఊళ్ల నుంచే వసూలవుతోంది. సాయంత్రం తెరిచే శాఖా గ్రంథాలయాన్ని బడి పిల్లల చదువు గదిగా మలిస్తే వాన పడిన రోజునా కార్యక్రమం ఆగదు.

మరో రెండు విషయాలు మరువరాదు. మధ్యాహ్న భోజనం తర్వాత ఖాళీ కడుపుతో పరుగెత్తే పిల్లలకు గుప్పెడు ఉడికించిన శనగలైనా పెట్టాలి. చీకటిపడితే ఆడపిల్లను మైదానానికి పంపేందుకు ఏ తల్లీ ధైర్యం చేయదు. మహిళా శిక్షకురాలు, ఇంటిదాకా తోడు లేని పథకం మగపిల్లల పథకంగానే మిగిలిపోతుంది. ఆటలతో మార్కులు తగ్గుతాయన్న తల్లిదండ్రుల భయాన్నీ కొట్టిపారేయలేం. ఆటకు గంట, చదువుకు గంట అని సమయం పంచి చూపితే ఆ భయం తీరుతుంది.

కొత్త పథకం, కొత్త పేరు అక్కర్లేదు. తొలుత మండలానికి ఒక్క పాఠశాలలో ఒక శిక్షకుడిని ఏడాది పొడవునా నిలిపి, హాజరు పట్టీ పెట్టి ఫలితం చూడాలి. జిల్లా విద్యాశాఖ, క్రీడా ప్రాధికార సంస్థ, పంచాయతీలు కలిసి కూర్చుంటే ఇది సాధ్యమే. లేదంటే మరో కిట్ల పంపిణీ జరుగుతుంది, మరో ఫొటో పత్రికలో వస్తుంది. మర్నాటి సాయంత్రానికి మైదానం మళ్లీ ఖాళీగానే ఉంటుంది.