రాజు-పేద: చూడకండి, వినండి

మార్క్ ట్వేన్ 1881లో రాసిన 'ది ప్రిన్స్ అండ్ ది పాపర్' గురించి ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది అనుకుంటున్నారా? నిజమే, కథ అందరికీ తెలిసిందే. నండూరి రామమోహనరావు గారు 'రాజు-పేద' పేరుతో తెలుగు చేశారు. 1954లో అదే పేరుతో బి.ఏ.సుబ్బారావు గారి సినిమా కూడా వచ్చింది. ఒకే పోలికతో ఇద్దరు కుర్రాళ్ళు: ఒకడు ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్, ఇంకొకడు లండన్ మురికివాడలో అడుక్కునే టామ్ కాంటీ. సరదాకి బట్టలు మార్చుకుంటారు, యువరాజుని భటులు బయటికి గెంటేస్తారు. మిగతాది తెలిసిందేగా.

ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, ఈ నవలని చదవడం కన్నా, సినిమాగా చూడడం కన్నా వినడం మేలు. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి లిబ్రివాక్స్‌లో ఆడియో ఉచితంగా దొరుకుతుంది. 2005లో మొదలైన ఈ సైటుకి ప్రపంచం నలుమూలల నుంచీ ఔత్సాహికులు పైసా తీసుకోకుండా పుస్తకాలు చదివి పెడుతుంటారు.

"వినడం కూడా చదవడమేనా, బద్ధకం కాకపోతే!" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వేరే పుస్తకాల సంగతి వదిలేద్దాం. ఈ పుస్తకానికి మాత్రం వినడమే సరైన పద్ధతి అని నా వాదన. ఎందుకంటే ఈ కథలో జరిగే అన్యాయమంతా ఒక్క కారణంతోనే జరుగుతుంది: అందరూ చూస్తారు, ఎవరూ వినరు.

ఎడ్వర్డ్ మొదటి రోజు నుంచీ నిజమే చెబుతున్నాడు. మాటతీరులో, పదాల్లో, ఆజ్ఞాపించే పద్ధతిలో ఎక్కడా తేడా లేదు. కానీ ఒంటిమీద చింకిగుడ్డలు. అంతే, పిచ్చివాడు. అటు టామ్ "నేను యువరాజుని కాను మొర్రో" అంటున్నా పట్టుబట్టలు చూసి వంగి వంగి దండాలు పెడతారు. పాపం పిల్లాడికి మతి చెడింది అని సర్దుకుంటారు. ఇద్దరూ నిజమే చెబితే ఇద్దరికీ పిచ్చే అని తేల్చేసిన లోకం అది!

సినిమాలో అయితే మనం కూడా ఆ జనంలో కలిసిపోతాం. కిరీటం ఎవరికుందో చూసి గుర్తుపడతాం. హెడ్‌ఫోన్స్‌లో ఆ సౌకర్యం లేదు. బట్టలు కనపడవు, ముఖం కనపడదు. ఇద్దరు పిల్లల మాటా ఒకే గొంతులో వస్తుంటే, ఎవరు ఎవరో మాటతీరుని బట్టే పోల్చుకోవాలి. అంటే ఆ కథలో జనం చెయ్యని పని మనం చేస్తాం. దొంగల ముఠాలో ఆ పిల్లాడు ఒక అన్యాయపు చట్టాన్ని ఈ రాత్రితో రద్దు చేస్తున్నానని ప్రకటిస్తే, వాళ్ళు పగలబడి నవ్వి, తగరపు గిన్నె కిరీటంగా పెట్టి, పీపా మీద కూర్చోబెడతారు. చదివితే నవ్వొచ్చే సీను. వింటే నాకు నవ్వు రాలేదు.

మన వృత్తివాళ్ళకి ఇందులో ఇంకో మజా ఉంది. నన్నడిగితే ఇది ఐడెంటిటీ వెరిఫికేషన్ మీద రాసిన నవల :) మూడు పరీక్షలు చూడండి.

ఒకటి, టామ్ తల్లిది. ఉలిక్కిపడితే అరచెయ్యి బయటికి తిప్పి కళ్ళకి అడ్డం పెట్టుకోవడం టామ్‌కి చిన్నప్పటి అలవాటు. తన ఇంట్లో నిద్రపోతున్న కుర్రాడి ముఖం మీదికి కొవ్వొత్తి వెలుగు కొట్టి చూస్తుంది. చెయ్యి తిరగదు. నమ్మలేక మళ్ళీ, మళ్ళీ, మొత్తం మూడుసార్లు పరీక్షిస్తుంది.

రెండు, పట్టాభిషేకం రోజు రాజముద్ర. అది ఎక్కడుందో చెబితే నువ్వే రాజువి అంటారు. ఎడ్వర్డ్ చెప్పిన చోట అది దొరకదు! దాన్ని తీసి ఇంకోచోట దాచిన సంగతి తనే మర్చిపోయాడు. అప్పుడు టామ్ ఆరోజు జరిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేస్తే, కవచంలో పెట్టానని జ్ఞాపకం వస్తుంది. అసలువాడు పరీక్షలో తప్పాడు, సింహాసనం మీదున్నవాడు నిజాయితీగా గట్టెక్కించాడు. వాడు నోరు మూసుకుని ఉంటే సిస్టమ్ ప్రకారం అంతా కరెక్టే, న్యాయం మాత్రం గల్లంతు.

మూడు, మైల్స్ హెండన్. ఈ సైనికుడు పిల్లాడిని నమ్మడు, కానీ జాలిపడి వాడి మాట మన్నిస్తాడు. రాజు ముందు కూర్చునే హక్కు వరంగా అడుగుతాడు, పిల్లాడు ఇస్తాడు. తర్వాత హెండన్‌ని సొంత తమ్ముడే ఎవరో తెలీదంటే, నిన్ను నమ్ముతున్నానని చెప్పేది ఆ పిల్లాడొక్కడే. చివర్లో నిండు కొలువులో సింహాసనం మీదున్నది వాడేనా అన్న అనుమానం తీర్చుకోడానికి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. భటులు మీద పడబోతే రాజు ఆపుతాడు. ఇంత చక్కటి టెస్ట్ కేసు నేనింతవరకూ చూడలేదు.

ఇది పాతకాలపు ముచ్చట అని కొట్టిపారేయకండి. కూలిపనితో వేలిగీతలు అరిగిపోయిన ముసలివాళ్ళకి రేషన్ షాపు మెషిన్లో వేలిముద్ర పడకపోవడం మనకి తెలిసిందే. ఎదురుగా మనిషి నిలబడి "నేనేనయ్యా" అంటున్నా, స్క్రీన్ కాదంటే కాదు. ఆ డీలర్‌కి చింకిగుడ్డలు కనపడ్డట్టే లెక్క. అలాంటి స్క్రీన్లు రాసేది మనలాంటివాళ్ళం. మెషిన్ కాదన్నప్పుడు మనిషి మాట వినడానికి ఒక దారి పెట్టామా లేదా అన్నది డిజైన్ రివ్యూలో అడగాల్సిన ప్రశ్న. అది అదనపు ఫీచరేం కాదు.

వినేముందు రెండు మాటలు. ఇంగ్లీషు పాతకాలంది, మొదటి రెండు మూడు అధ్యాయాలు ఓపిక పట్టాలి. తర్వాత చెవికి అలవాటైపోతుంది. ఊరేగింపుల వర్ణనలు సాగదీసినట్టుంటాయి, అక్కడ కాస్త ముందుకి జరిపినా పాపం లేదు. కానీ మొత్తం ఒకటిన్నర రెట్ల స్పీడులో పెట్టకండి. రాజు మాటకీ పేద మాటకీ తేడా చెరిగిపోతుంది, ఇక విన్న ప్రయోజనం ఏముంటుంది?